ఓడనివ్వని దేవకన్య

పేకముక్క మీద ఏముంటుంది చెప్పండి? ఓ బొమ్మ, ఓ అంకె, అంతేగా! ఇస్పేటు రాణిని ఎంతసేపు అటూ ఇటూ తిప్పి చూసినా, ఆవిడ ఏం చేయగలదో, ఏం చేయలేదో ఎక్కడా రాసి ఉండదు. రమ్మీలో ఆవిడ విలువ పది. ఆట మారితే ఆ విలువా మారిపోతుంది. ఆసు ఒక ఆటలో అందరికంటే పెద్ద, ఇంకో ఆటలో ఒంటి చుక్క కింద జమ. ముక్కకి సొంతంగా ఏమీ లేదన్నమాట. ఆడేవాళ్ళు బుర్రలో ఏ రూలు పెట్టుకుని కూర్చుంటే అదే దాని బతుకు. అందుకే పెళ్ళివారి విడిదిలో దుప్పటి పరిచి పేకాటకి కూర్చున్న మగవాళ్ళు, కొత్తమనిషి వచ్చి చేరగానే "మీవైపు ఎలా ఆడతారండీ?" అని ముందే అడిగి తేల్చుకుంటారు.

అలా కాకుండా, ప్రతి ముక్కా తన రూలు తన మొహం మీదే రాసుకుని వచ్చే ఆట ఒకటుంది. దాని పేరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'. రిచర్డ్ గార్ఫీల్డ్ అని, లెక్కల్లో డాక్టరేటు చేసిన అమెరికా ఆయన కనిపెట్టాడు. 1993లో అక్కడి వాషింగ్టన్ రాష్ట్రంలోని 'విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్' అనే కంపెనీ అచ్చువేసి అమ్మకానికి పెట్టింది. అప్పట్నించి ఇప్పటిదాకా 20 వేలకు పైగా రకరకాల ముక్కలు వచ్చాయి. మనకి 52 ముక్కలతో జన్మంతా గడిచిపోతోందా, వాళ్ళకి 20 వేలు చాలక ఏటా కొత్తవి కావాలి! మా అక్కయ్య కొడుకు అమెరికాలో చదువుకునే రోజుల్లో ఈ ఆట మరిగాడు. సెలవులకి వచ్చినప్పుడు పెట్టె అడుగున బట్టల మధ్య ఆ ముక్కలు సర్దుకుని తెచ్చుకునేవాడు. వాడి పుణ్యమా అని నాకూ కాస్త తెలిసింది. ఆడటం కాదు సుమండీ, ఆ ముక్కల మీద రాసినది చదవడం. నవలలు రాసుకునేదాన్ని, ఎక్కడ నాలుగు అక్షరాలు కనిపించినా చదివేదాకా తోచదు.

ఆట టూకీగా ఇదీ. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరూ మంత్రగాళ్ళ కింద లెక్క. ఎవరి కట్ట వాళ్ళదే. కొనుక్కున్న ముక్కల్లోంచి తమకి కావలసినవి ఏరుకుని, కనీసం 60 ముక్కలతో కూర్చుకుని తెచ్చుకుంటారు. ఒక్కొక్కరికి 20 ఆయుష్షు. భూములని కొన్ని ముక్కలుంటాయి. వాటిలోంచి 'మానా' అనే శక్తి పుడుతుంది. ఆ శక్తిని ఖర్చుపెట్టి రాక్షసుల్నీ, దేవకన్యల్నీ, మాయవస్తువుల్నీ బల్లమీదికి దింపుతారు, మంత్రాలు ప్రయోగిస్తారు. ఆయుష్షు సున్నాకి దిగినవాడు ఓడిపోయినట్టు. ముక్క తీయాల్సి వచ్చినప్పుడు కట్టలో ముక్క లేకపోయినా ఓటమే. పది విషపు గుర్తులు పడినా ఓటమే.

ఈ ఆటకో రూల్సు పుస్తకం ఉంది. 250 పేజీలు దాటిన గ్రంథం. చిత్రమేమిటంటే అంత గ్రంథమూ మొదట్లోనే తల వంచేస్తుంది. పుస్తకంలో ఉన్నదానికీ, ముక్క మీద ఉన్నదానికీ పేచీ వస్తే ముక్క మాటే చెల్లుతుందిట. దీన్ని వాళ్ళు బంగారు సూత్రం అంటారు. పుస్తకం అందరికీ ఒకటే. ముక్క మాత్రం తన ఒక్కదాని విషయంలో 'నా సంగతి వేరు' అంటుంది. చెల్లిపోతుంది.

ఇందులో నాకు కొత్తేమీ కనిపించలేదు. మన ఇళ్ళలో జరిగేదీ ఇదేగా! దీపాలు పెట్టాక గుమ్మం దాటకూడదన్నది ఇంటి రూలు. 'వాడు మగపిల్లాడు కదే' అన్నది ముక్క. అందరూ కలిసి భోంచేయాలన్నది రూలు. 'కోడలు తరవాత తింటుందిలే' అన్నది ముక్క. అయితే తేడా ఒకటుంది. అక్కడ మినహాయింపు అచ్చులో ఉంటుంది. బల్లమీద పడ్డ ముక్కని ఎదుటివాడు "ఏదీ, ఓసారి చదవనీ" అని చదువుకోవచ్చు. చదువుకుని దానికి తగ్గట్టు తన ఎత్తు తను వేసుకోవచ్చు. మన ఇళ్ళలో మినహాయింపుల్ని ఎవరు అచ్చువేస్తారు? నెత్తికి తగిలాకే అక్కడో దూలం ఉందని తెలుస్తుంది. మినహాయింపు ఉండటం అన్యాయమని నేననను. జ్వరం వచ్చిన పిల్లకీ, పరీక్షలున్న పిల్లకీ వేరు వేరు రూల్సు ఉండాల్సిందే. అది ఎక్కడా కనపడకుండా ఉండటమే నాకు మింగుడుపడదు.

రెండో సూత్రం ఇంకా బావుంటుంది. ఒక ముక్క ఫలానా పని చేయొచ్చు అని, ఇంకో ముక్క చేయడానికి వీల్లేదు అని అంటే, 'వీల్లేదు' అన్నదానిదే గెలుపు. ఎన్ని ముక్కలు కలిసి 'చేయొచ్చు' అన్నా సరే, ఒక్క 'వీల్లేదు' ముందు దిగదుడుపే. ఇది విని మా అక్కయ్య నవ్వు ఆపుకోలేకపోయింది. "దీనికోసం అమెరికా దాకా ఎందుకే, మా అత్తగారు లేరూ!" అంది.

సరే, అసలు ముక్క దగ్గరికొస్తాను. పేరు 'ప్లాటినం ఏంజెల్'. 2003లో 'మిరోడిన్' అనే సంపుటంలో వచ్చింది. మిరోడిన్ అంటే అంతా లోహమయమైన ఓ కల్పిత లోకం. అక్కడ గడ్డిపోచ కూడా లోహమే. అంచేత ఈ దేవకన్యా ప్లాటినంతో చేసిన మనిషే. బ్రామ్ అనే ఆయన వేసిన బొమ్మ. ఆవిణ్ణి బల్లమీదికి దింపాలంటే 7 మానా ఖర్చు, అంటే ఆట బాగా ముదిరితేగానీ దిగదు. ఎగరగలదు. బలం నాలుగు, దెబ్బకి ఓర్చుకోవడం నాలుగు. ఇవన్నీ మామూలే. వీటి తరవాత ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. మీరు ఆట ఓడిపోవడానికి వీల్లేదు, మీ ఎదుటివాళ్ళు గెలవడానికి వీల్లేదు అని.

అంతే! ఇక ఆడటం దేనికి అనిపిస్తుంది కదూ! ఆవిడ నిలబడి ఉన్నంతసేపూ ఆయుష్షు సున్నా అయినా ఓటమి లేదు. కట్ట ఖాళీ అయినా లేదు. విషం పది దాటినా లేదు. 'డోర్ టు నథింగ్‌నెస్' అని 2004లో వచ్చిన మాయవస్తువొకటి ఉంది. బోలెడు మానా పోసి దాన్ని ప్రయోగిస్తే, ఎవర్ని చూపిస్తే వాళ్ళు ఏకంగా ఓడిపోతారు. ఈవిడ ముందు అదీ పారదు. 'వీల్లేదు'దే గెలుపని చెప్పాను కదూ! ఇద్దరి దగ్గరా ఇల్లాంటి దేవకన్యే ఉందనుకోండి, ఎవరూ ఓడరు, ఎవరూ గెలవరు. పెళ్ళిపందిట్లో ఇద్దరు వియ్యపురాళ్ళు పట్టుదలగా కూర్చున్నట్టు ఆట అలా సాగుతూనే ఉంటుంది.

కానీ ఆ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. మీరు ఓడిపోరు అంటోంది. ఆవిడ చావదని అనడం లేదు. ఎవరి తరఫున నిలబడిందో ఆ మనిషి గురించే వాక్యమంతా. తన గురించి ఒక్క అక్షరం లేదు. అందరిలాగే ఆవిడకీ నాలుగు దెబ్బలు ఒకేసారి తగిలితే సరి. లోహంతో చేసిన మనిషి కనక మాయవస్తువుల్ని పగలగొట్టే మంత్రాలూ తగులుతాయి, ప్రాణి కనక ప్రాణుల్ని చంపే మంత్రాలూ తగులుతాయి. అంటే ఆవిడ ప్రాణానికి రెండు వైపులనుంచీ గండమే. 'షాటర్' అని, ఆట పుట్టిన 1993నాటి ముక్క ఒకటుంది. ఖరీదు రెండే రెండు మానా. ఏడు పెట్టి తెచ్చిన దేవకన్యని రెండు పెట్టి భళ్ళున బద్దలు కొట్టొచ్చు!

'ఇంటికి దీపం ఇల్లాలు' అంటారు మనవాళ్ళు. ఎంత చల్లని మాట! నేను ఆ మాటని కాదనను. కానీ దానిలోనూ ఇదే వాక్యనిర్మాణం ఉంది చూడండి. దీపం ఇంటికి వెలుగిస్తుంది, సరే. దీపానికి చమురెవరు పోస్తారో, గాలికి ఎవరు చెయ్యి అడ్డుపెడతారో ఆ సామెతలో లేదు.

'మీరు' అన్న మాట దగ్గర ఇంకో మెలిక ఉంది. ముక్క మీద 'మీరు' అంటే ఎవరు? కొనుక్కుని తెచ్చుకున్న మనిషా? కాదుట. ప్రస్తుతం ఆ ముక్క ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళే 'మీరు'. 'కంట్రోల్ మ్యాజిక్' అని 1993లోనే వచ్చిన మంత్రం ఉంది. దానికి నాలుగు మానా. ఎదుటివాడి ప్రాణిని తన అధీనంలోకి లాక్కోవచ్చు. దాన్ని దేవకన్య మీద వేశారనుకోండి, ఆవిడ అటువైపు వెళ్ళి నిలబడుతుంది. వాక్యం మారదు, 'మీరు' మారతారు. నిన్నటిదాకా ఎవర్ని కాపాడిందో వాళ్ళ ఆయుష్షు అప్పటికే సున్నాకి దిగి ఉంటే, ఆ క్షణాన్నే వాళ్ళ ఆట ముగుస్తుంది. ఇక్కడే మా వాడు ఓ చమత్కారం చెప్పాడు. అధీనం ఎవరిదైనా సొంతదారు మాత్రం మారడుట. ఆవిడ అవతలివాడి దగ్గర చచ్చిపోయినా వెళ్ళి చేరేది తెచ్చుకున్నవాడి శ్మశానానికే. శ్మశానమంటే వాడేసిన ముక్కలు పెట్టుకునే చోటు. "చూశావా పిన్నీ, పుట్టింటి హక్కు!" అన్నాడు. మన లెక్కకి ఇది తిరగేసి ఉందని వాడికి తెలియదు. మనకి దక్కే హక్కులన్నీ బతికుండగా అటువైపూ, చచ్చాక కూడా అటువైపే.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసిన సంగతి. ఈ దేవకన్య దెబ్బల్ని ఆపదు. ఓటమిని ఆపుతుంది, అంతే. ఎదుటివాడు కొడుతూనే ఉంటాడు, ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. సున్నా దగ్గర ఆగదు. మైనస్ రెండు, మైనస్ ఏడు, మైనస్ పదిహేను... లెక్క అలా పాతాళానికి దిగుతుంది. మనిషి మాత్రం కుర్చీలో కూర్చుని ఆడుతూనే ఉంటాడు. ఆట లోపల ఓ తనిఖీ ఎప్పటికప్పుడు జరుగుతుంటుంది, ఎవరి ఆయుష్షు సున్నాకి దిగింది, ఎవరు ఓడారు అని. దేవకన్య ఉన్నంతకాలం ఆ తనిఖీ వచ్చి గుమ్మంలో నిలబడి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆవిడ పడిపోయిన మరుక్షణం లోపలికొస్తుంది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకావిడ ఉండేది. ఆవిడ భర్తకి వ్యాపారం అచ్చిరాలేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఆయనకి తప్ప. ఆవిడ తెలియనిస్తేగా! గేదెపాలు అమ్మింది. అప్పడాలు వత్తింది. చీటీలు పాడింది. పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు జతల గాజులూ జత తరవాత జత వెళ్ళిపోయాయి. "గాజులేవీ?" అని ఆయనడిగితే "చేతులకి బరువుగా ఉన్నాయని పెట్లో పెట్టాను" అనేది. ఆయన మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొట్టుకి వెళ్ళివస్తుండేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి కాఫీ సిద్ధం. పెద్దకొడుకు ఆయన్నే చూసి పెరిగాడు. ఏళ్ళ తరబడి అలా నడిచింది. ఓనాడు ఆవిడ పోయింది. పెద్దకర్మ కూడా కాకుండానే అరుగు మీద అప్పులవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆర్నెల్లు తిరక్కుండా ఇల్లు అమ్ముడుపోయింది. "మహాలక్ష్మి లాంటి మనిషి, ఆవిడతోపాటే లక్ష్మీ వెళ్ళిపోయింది" అని ఊరు ఊరంతా అనుకుంది.

ఈ ముక్క రూలు తెలిసినవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. లక్ష్మి ఆవిడతో వెళ్ళలేదు, ఎప్పుడో వెళ్ళింది. ఆ ఇల్లు ఓడిపోయి చాలా ఏళ్ళయింది. తెలియడమే ఆ రోజు తెలిసింది.

మరి ఆవిడ చేసింది మంచా, చెడా? మా అక్కయ్యతో ఈ విషయం మీద పెద్ద వాదనే అయింది. "ఆవిడ అలా నిలబడకపోతే పిల్లలేమయ్యేవారు? మొగుడు పాఠం నేర్చుకోవాలని పిల్లల్ని పస్తులుంచుతుందా?" అని గద్దించింది. ఆ మాటా నిజమే. ఆటలోనూ అంతే. దేవకన్య ఇచ్చేది గడువు. ఎదుటివాళ్ళు గెలవడానికి వీల్లేదంటుందిగానీ మీరు గెలవకూడదనదు. ఆయుష్షు మైనస్ పన్నెండులో ఉన్నవాడు ఆ గడువులో పుంజుకుని గెలవొచ్చు, అలా గెలవాలనే ఆవిణ్ణి దింపుతారు. ఆ ఇంట్లోనూ ఇద్దరు పిల్లల చదువులు ఆ గడువులోనే పూర్తయ్యాయి.

నా పేచీ గడువు మీద కాదు, దాచిన లెక్క మీద. ఈ ఆటలో ఎవరి ఆయుష్షు ఎంతో ఇద్దరికీ కనపడేలా కాగితం మీద రాసుకుంటారు. మైనస్ పదిహేను అంటే మైనస్ పదిహేనే. దేవకన్య ఓటమిని ఆపుతుందేగానీ అంకెని దాచదు. ఎంత లోతులో ఉన్నాడో తెలిసి ఆడతాడు ఆడేవాడు. తెలుసు కనకనే ఆవిడ ఒంటిమీద ఈగ వాలనివ్వడు! మా ఊరావిడ ఓటమితోపాటు కాగితాన్నీ దాచేసింది. ప్రేమతోనే దాచింది, సందేహం లేదు. కానీ తన చొక్కా ఇస్త్రీ ఎవరి గాజులతో అయిందో తెలియని మనిషి ఆ గాజుల చేతులకి అడ్డు ఎలా నిలబడతాడు?

ఇంకో చిన్న రూలుంది. కొన్ని ముక్కలు ప్రయోగించాలంటే మానాతో సరిపోదు, సొంత ఆయుష్షులోంచి ఇంత అని చెల్లించాలి. సున్నాలోనో, సున్నా కిందో ఉన్నవాడికి ఆ చెల్లించే వీలు లేదు. లేనిది ఎక్కణ్ణించి తెస్తాడు? అంటే ఓడిపోడు, నిజమే. కానీ తన ఒంట్లోంచి తీసి ఇవ్వాల్సిన పని ఏదీ చేయలేడు. ఆ పెద్దకొడుకుని నేను తరవాత తరవాత చూశాను. మంచివాడు. చెడ్డ అలవాటు ఒక్కటీ లేదు. ఓ బరువు ఎత్తాల్సి వచ్చేసరికి మాత్రం చుట్టూ చూసేవాడు, ఎవరైనా వస్తారేమోనని.

ఆవిణ్ణి ఎలా కాపాడుకోవాలో ఆడేవాళ్ళు ఆలోచించకపోలేదు. 2004లో 'డార్క్‌స్టీల్ ఫోర్జ్' అనే కొలిమి ముక్క వచ్చింది. ఖరీదు తొమ్మిది మానా. అది బల్లమీద ఉంటే, ఉంచినవాడి అధీనంలో ఉన్న మాయవస్తువులేవీ నాశనం కావు. దేవకన్య లోహంతో చేసిందే కనక ఆవిడకీ వర్తిస్తుంది. ఇప్పుడు షాటర్ వేసినా పగలదు, నాలుగు కాదు నలభై దెబ్బలు తగిలినా చావదు. ఇంకేం, అనుకుంటాం కదా! 'డయబాలిక్ ఈడిక్ట్' అని 1997లో వచ్చిన ముక్క ఒకటుంది. మళ్ళీ రెండే మానా. దాని మీద రాసింది, నువ్వు చూపించిన ఆటగాడు తన ప్రాణుల్లో ఒకదాన్ని త్యాగం చేయాలి అని. కొలిమి కాపాడదు! ఎందుకంటే రూల్సు పుస్తకం ప్రకారం త్యాగమంటే నాశనం కాదు. పైవాడు చేస్తే నాశనం, సొంతవాడు చేస్తే త్యాగం. నాశనం కానివ్వని ఏ కవచమూ త్యాగాన్ని ఆపదు.

ఈ రూలు విన్నాక చాలాసేపు నేనేం మాట్లాడలేదు. అవునండీ, ఎంతమంది అలా వెళ్ళారు! పస్తులకి చావలేదు, రోగానికి చావలేదు, మాటలకి చావలేదు. ఏ దెబ్బకీ విరగని మనుషులు ఆ ఒక్క మాట దగ్గర విరిగారు. పైగా వ్యాకరణం చూడండి. మనం 'ఆవిడ త్యాగం చేసింది' అంటాం. ఆవిడే కర్త. ఈ ఆటలో అలా అనడానికి కుదరదు. త్యాగం చేసేవాడు అధీనంలో ఉంచుకున్నవాడు, చేయబడేది ప్రాణి. ఎవర్ని త్యాగం చేయాలో ఎంచేది కూడా వాడే. మన భాష కంటే ఈ ముక్కల భాషే నిజం చెబుతోందేమో!

అంచేత తెలివైనవాళ్ళు దేవకన్య పక్కన ఓ చిన్న ప్రాణిని ఉంచుతారుట. పెద్ద విలువ లేనిది. త్యాగం చేయాల్సి వస్తే దాన్ని పంపేసి ఈవిణ్ణి నిలబెట్టుకుంటారు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు పూర్తయ్యాయని చెప్పాను. పిల్లలు ముగ్గురు. గాజులు అయిపోయిన ఏడాది మధ్యపిల్ల బడి మానేసింది.

ఇక చివరి రూలు. ముక్క మాటే పుస్తకం కంటే పైది అన్నది బంగారు సూత్రమని మొదట్లో చెప్పాను కదా. ఆ సూత్రానికి ఒకే ఒక్క మినహాయింపు ఉందిట. ఆడే మనిషి ఎప్పుడు కావాలంటే అప్పుడు 'నేను ఓడిపోయాను' అని ఒప్పుకుని లేచి వెళ్ళొచ్చు. 20 వేల ముక్కల్లో ఏ ముక్కా దాన్ని ఆపలేదు. సాక్షాత్తూ ఈ ప్లాటినం ఏంజెల్ కూడా ఆపలేదు. ఓడిపోవడానికి వీల్లేదు అన్న ఆవిడ మాట, ఓడిపోతాను మొర్రో అన్న మనిషి ముందు పనిచేయదు. మన రమ్మీలో ముక్కలు బాగాలేకపోతే 'డ్రాప్' అని పడేస్తారు చూడండి, అలాంటిదే. పోటీల్లో తప్పుచేసి పట్టుబడినవాడికి న్యాయనిర్ణేత ఓటమి శిక్ష వేసినా అంతే, దేవకన్య అడ్డు రాదు. అవి ఆట బయటి సంగతులు. ఆవిడ ఏలుబడి ఆట లోపలే.

"ఎందుకురా అలా? అన్నిటినీ ముక్కకి అప్పగించి దీన్నొక్కదాన్నీ ఎందుకు మిగుల్చుకున్నారు?" అని అడిగాను. "ఏముంది పిన్నీ, అమ్మ అన్నానికి పిలిస్తే ఏ ముక్క ఆపుతుంది? మనిషిని కుర్చీకి కట్టేయలేరుగా!" అన్నాడు. నిజమే, ఏ కాగితమూ మనిషిని కూర్చోబెట్టలేదు. తెలివైన రూలు, తను చేయలేనిది చేయగలనని చెప్పుకోదు.

"మరి ఏంజెల్ కి లేచి వెళ్ళాలనిపిస్తే?"

వాడు నన్ను వింతగా చూశాడు. "అది ముక్క కదా పిన్నీ. ఒప్పుకుని వెళ్ళిపోవడం ఆడేవాళ్ళకే. ముక్కలకి ఆ రూలు లేదు."

కురుసభలో ద్రౌపది ప్రాతికామి చేత అడిగించిన ప్రశ్న, ఆలోచించి చూస్తే, ఇల్లాంటి రూలు సందేహమే. ధర్మరాజు ముందు తనని తాను ఓడిపోయాడా, ముందు నన్ను ఒడ్డాడా అని. తననే పోగొట్టుకున్న మనిషి అధీనంలో ఇంకేం మిగులుతుంది, నేనింకా బల్లమీది ముక్కనేనా అని. ఈ మ్యాజిక్ పోటీల్లో ఇల్లాంటి సందేహం వస్తే చెయ్యెత్తి న్యాయనిర్ణేతని పిలుస్తారు. ఆయన వచ్చి తీర్పు చెప్పేదాకా ఆట ఆగాల్సిందే. తీర్పు నచ్చకపోతే పెద్ద న్యాయనిర్ణేతకి చెప్పుకోవచ్చు. ఆ సభలో పెద్ద న్యాయనిర్ణేత లాంటివాడు భీష్ముడు. ధర్మం సూక్ష్మం, తేల్చి చెప్పలేనన్నాడు. ఆట మాత్రం ఆగలేదు. ఆవిడ తరఫున లేచి నిలబడినవాడు కౌరవుల్లోనే ఒకడు, వికర్ణుడు. కుర్రవాడివి, నీకేం తెలుసు అన్నాడు కర్ణుడు.

అన్నట్టు, ఈ ప్లాటినం ఏంజెల్ ముక్కకి గిరాకీ బాగానే ఉంది. 2007లో ఓసారి, 2009లో ఓసారి, 2010లో ఓసారి మళ్ళీ మళ్ళీ అచ్చయింది. నాకు ఆశ పుట్టి, ఒక్కొక్కదాని మీదా ఏం రాశారో వాడిచేత చదివించుకున్నాను. ఎగురుతుంది అన్నారు. బలం నాలుగు, ఓర్పు నాలుగు అన్నారు. మీరు ఓడిపోవడానికి వీల్లేదు, మీ ఎదుటివాళ్ళు గెలవడానికి వీల్లేదు అన్నారు. ఆ పక్కన ఇంకో వాక్యానికి సరిపడా ఖాళీ ఉంది.